చారిత్రక నగరంలోని విశ్వవిద్యాలయంలో డిగ్రీ చదవడం ఎలా?

ఇటలీలోని బొలోన్యా విశ్వవిద్యాలయం తన పుట్టుకను 1088 నుంచి లెక్కపెట్టుకుంటుంది. మధ్యయుగాల్లో అక్కడ పెత్తనమంతా విద్యార్థులదే. దూరదేశాల నుంచి వచ్చినవాళ్లు సంఘాలుగా కూడి, గురువులను తామే కుదుర్చుకుని, రుసుము చెల్లించి చదువుకునేవారు. పాఠం ఆలస్యంగా మొదలుపెట్టినా, వేళ దాటాక సాగదీసినా గురువు జరిమానా కట్టాల్సిందే. ఆ అధికారం ఎప్పుడో పోయింది గానీ, అలాంటి విశ్వవిద్యాలయంలో డిగ్రీ చదవబోయేవాళ్లకు ఆనాటి విద్యార్థుల చొరవ ఇప్పటికీ కావాలి. అక్కడ గొప్ప లైబ్రరీలుంటాయి, పేరున్న ఆచార్యులుంటారు, మ్యూజియంలు, సహాయ నిధులు ఉంటాయి. పిలిచి చేతిలో పెట్టేవాళ్లు మాత్రం ఉండరు. ఎవరిని ఎప్పుడు ఏమని అడగాలో తెలిసినవాళ్లకే అవి అందుతాయి. దరఖాస్తు నుంచి చివరి ఏడాది ప్రాజెక్టు దాకా ఈ వ్యాసంలో చెప్పేదంతా ఆ అడగడం గురించే.

1. దరఖాస్తుకు ముందు చదువు పద్ధతి కనుక్కోండి

ఎనిమిది వందల ఏళ్ల పేరు చూసి సీటు కోసం ఉవ్విళ్లూరడం సహజం. కానీ రోజూ మీకు పాఠం చెప్పేది ఆ పేరు కాదు, మీ సబ్జెక్టు విభాగంలోని నలుగురైదుగురు అధ్యాపకులు. కాబట్టి విభాగం పేజీ తెరిచి మూడు సంగతులు రాసుకోండి.

ఏ ఏడాది నుంచి ఒకే సబ్జెక్టుకు కట్టుబడాలి? ఇంగ్లండ్‌లో డిగ్రీ సాధారణంగా మూడేళ్లు, మొదటి రోజు నుంచే ఎంచుకున్న సబ్జెక్టు. స్కాట్లాండ్‌లో ఆనర్స్ డిగ్రీ నాలుగేళ్లు. 1583లో మొదలైన ఎడిన్‌బరా విశ్వవిద్యాలయంలో చాలా కోర్సుల్లో మొదటి రెండేళ్లు ప్రధాన సబ్జెక్టుతో పాటు ఒకటి రెండు బయటి సబ్జెక్టులు చదివే వీలుంటుంది. చరిత్రా, తత్వశాస్త్రమా అని మనసు ఇంకా ఊగిసలాడుతున్నవాళ్లు నాలుగేళ్ల పద్ధతి ఎంచుకోవడమే మేలని నా అభిప్రాయం. గణితం తప్ప మరొకటి వద్దనుకునేవాళ్లకు మూడేళ్లది చాలు.

మీకు పాఠం చెప్పేది ఎవరు? ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లలో మీరు ఒక కాలేజీకి చెందుతారు. వసతి, భోజనశాల, చిన్న బృందాల బోధన ఏర్పాట్లు చూసేది ఆ కాలేజీ. లెక్చర్లు, పరీక్షలు విశ్వవిద్యాలయానివి. ఇంగ్లండ్‌లోనే ఉన్న డరమ్‌లో కూడా కాలేజీలు ఉన్నాయి గానీ అక్కడ కాలేజీ అంటే ఉండే చోటు, చదువంతా విభాగంలోనే. బొలోన్యాలో, జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో కాలేజీ అనే మెట్టే ఉండదు, విభాగమే సర్వస్వం. ఇది తెలియకపోతే మొదటి నెల రోజులూ తప్పు ఆఫీసుల చుట్టూ తిరగడమే అవుతుంది.

ఎంత పని ఉంటుంది? ఐరోపాలో ఏడాది చదువును 60 క్రెడిట్లుగా కొలుస్తారు. ఒక్కో క్రెడిట్ అంటే 25 నుంచి 30 గంటల పని. అంటే ఏడాదికి 1500 నుంచి 1800 గంటలు, మూడేళ్ల డిగ్రీకి 180 క్రెడిట్లు. ఇందులో తరగతి గది వాటా చిన్నది. టైంటేబుల్లో వారానికి 12 గంటలే కనిపిస్తే మిగతాదంతా ఖాళీ అనుకోకండి. మిగతాది మీరు ఒంటరిగా చదవాల్సిన సమయం.

బోధన ఏ భాషలో అన్నది కూడా కచ్చితంగా చూడండి. ఐరోపా దేశాల్లో ఇంగ్లిష్‌లో చెప్పే కోర్సులు పీజీలో ఎక్కువ, డిగ్రీ స్థాయిలో తక్కువ. మీ దేశపు బడి చదువు నేరుగా ప్రవేశానికి సరిపోతుందో, మధ్యలో డిగ్రీకి సిద్ధం చేసే ఫౌండేషన్ ఏడాది చేయాలో అడ్మిషన్ల ఆఫీసుకు ఈమెయిల్ రాసి జవాబు భద్రపరచుకోండి. ఏజెంటు నోటిమాట మీద ఆధారపడొద్దు.

ఇక గడువులు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లకు చేరబోయే ఏడాదికి ముందు ఏడాది అక్టోబరు 15 నాటికే బ్రిటన్ విశ్వవిద్యాలయాల ఉమ్మడి దరఖాస్తు వ్యవస్థ యూకాస్ ద్వారా దరఖాస్తు వెళ్లాలి. డిగ్రీకి ఒకే ఏడాది ఆ రెండింటికీ దరఖాస్తు చేయడం కుదరదు, ఏదో ఒకటే ఎంచుకోవాలి. డిసెంబరులో ఇంటర్వ్యూలు జరుగుతాయి. ఆ ఇంటర్వ్యూ ఒక చిన్న పాఠం లాంటిది. తెలియని లెక్కో, ఎన్నడూ చూడని పేరానో ముందు పెట్టి మీ ఆలోచన ఎటు వెళ్తోందో గమనిస్తారు. జవాబు తట్టలేదని మౌనంగా కూర్చోకండి. ఎక్కడ దాకా వచ్చారో, ఎందుకు ఆగారో బయటికి చెప్పండి. దారి కొద్దిగా చూపిస్తే అందుకుని ముందుకు వెళ్లేవాళ్ల కోసమే వాళ్లు వెతుకుతారు.

2. సీటు ఖాయమైన రోజునే వసతి పని మొదలుపెట్టండి

చారిత్రక నగరంలో ఇళ్ల కొరత ఎప్పుడూ ఉండేదే. పాత కట్టడాలను పడగొట్టి అంతస్తులు లేపడానికి అనుమతులు రావు. ఉన్న ఇళ్లకు విద్యార్థులు, పర్యాటకులు, ఊరివాళ్లు ముగ్గురూ పోటీ. అందుకే విశ్వవిద్యాలయ హాస్టల్ దరఖాస్తు తెరుచుకున్న మొదటి వారంలోనే పంపాలి. కొన్నిచోట్ల మొదటి ఏడాది వాళ్లకు గది ఖాయంగా ఇస్తామంటారు, కానీ ఫలానా తేదీలోపు అడిగితేనే. ఆ తేదీ దాటితే హామీ కూడా దాటిపోయినట్టే.

గది ఎంత దూరంలో ఉందన్నది కొన్నిచోట్ల నిబంధన కూడా. కేంబ్రిడ్జ్‌లో డిగ్రీ విద్యార్థులు టర్మ్ రోజుల్లో, అంటే పాఠాలు జరిగే వారాల్లో, గ్రేట్ సెయింట్ మేరీస్ చర్చి నుంచి మూడు మైళ్ల లోపు నివసించాలి. ఆక్స్‌ఫర్డ్‌లో కార్‌ఫాక్స్ కూడలి నుంచి ఆరు మైళ్లు. ఇలాంటి నియమం లేనిచోట కూడా దగ్గర గదికే ఓటెయ్యండి. అద్దె కాస్త తక్కువని ఊరి చివర దిగితే, రెండు పాఠాల మధ్య ఖాళీ అంతా ప్రయాణానికే పోతుంది. సాయంత్రం జరిగే ఉపన్యాసాలకూ చర్చలకూ ఇక వెళ్లబుద్ధి కాదు.

బయట ఇల్లు తీసుకుంటే గది కళ్లారా చూడకుండా అడ్వాన్సు పంపకండి. దూరం వల్ల చూడలేకపోతే అక్కడున్న సీనియర్‌ను వెళ్లి చూడమని అడగండి. చాలా విశ్వవిద్యాలయాల్లో విద్యార్థి సంఘం వాళ్లు అద్దె ఒప్పందాన్ని ఉచితంగా చదివి పెడతారు. ఒప్పందం ఎన్ని నెలలకో, సెలవుల్లో ఖాళీ చేయాలో లేదో చూడండి. పాత భవనాల్లో లిఫ్టు లేకపోవడం, మెలికల మెట్లు, చలికాలం వెచ్చబడని గదులు మామూలే. చక్రాల కుర్చీ వాడేవాళ్లు, మెట్లెక్కలేనివాళ్లు, చూపు లేదా వినికిడి సమస్య ఉన్నవాళ్లు దిగిన తర్వాత చెప్పుకుందామని ఆగకుండా వికలాంగుల సహాయ విభాగానికి ముందే రాయాలి. పాఠం జరిగే గదినే కింది అంతస్తుకు మార్చిన సందర్భాలుంటాయి, కాకపోతే టైంటేబుల్ వేయకముందే వాళ్లకు తెలియాలి.

3. మొదటి వారం నడకకు కేటాయించండి

ఇలాంటి చాలా చోట్ల ప్రహరీ గోడా, సింహద్వారమూ ఉన్న క్యాంపస్ కనిపించదు. నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో విశ్వవిద్యాలయ భవనాలు ఊరి వీధుల్లోనే కలిసిపోయి ఉంటాయి. ఎడిన్‌బరాలో సాహిత్యం, చరిత్ర విభాగాలు జార్జ్ స్క్వేర్ చుట్టూ ఉంటే, భౌతిక, రసాయన శాస్త్రాలు దక్షిణాన సుమారు మూడు కిలోమీటర్ల దూరంలోని కింగ్స్ బిల్డింగ్స్‌లో ఉంటాయి. టైంటేబుల్ చేతికి రాగానే ప్రతి గదికీ ఒకసారి నడిచి వెళ్లండి. తలుపు మీద పేరు చూసుకుని రండి. ఒక పాఠం నుంచి మరో పాఠానికి మధ్య సమయం చాలదని తేలితే, సెక్షన్ మార్చమని అడగడానికి సరైన సమయం ఆ మొదటి వారమే.

వేళల విషయంలో ఒక చిన్న ఆచారం తెలిసుండాలి. జర్మన్ విశ్వవిద్యాలయాల్లో గంట పక్కన ‘సి.టి.’ అని రాసుంటే పాఠం పావుగంట ఆలస్యంగా మొదలవుతుంది, ‘ఎస్.టి.’ అని ఉంటే సరిగ్గా గంటకే. స్వీడన్‌లోని ఉప్సాలా, లుండ్‌లలోనూ ఆ పావుగంట పద్ధతి ఉంది.

నమోదు, గుర్తింపు కార్డు, లైబ్రరీ లాగిన్, వైద్యుడి దగ్గర పేరు రాయించడం, ఇవన్నీ అదే వారంలో ముగించేయండి. పరీక్షల పోర్టల్ మాత్రం కాస్త జాగ్రత్తగా చూడండి. జర్మనీ, ఇటలీలలో కోర్సులో చేరినంత మాత్రాన పరీక్షకు పేరు ఎక్కదు, విడిగా నమోదు చేసుకోవాలి. ఆ తేదీలు ఇప్పుడే క్యాలెండర్‌లో రాసుకోండి.

4. వారం వారం చదివే పద్ధతి

డిగ్రీ నిలబడేదీ పడేదీ ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

ఆక్స్‌ఫర్డ్ టర్మ్ ఎనిమిది వారాలే. మైకేల్మస్, హిలరీ, ట్రినిటీ అని మూడు టర్మ్‌లు. సాహిత్యం, చరిత్ర వంటి హ్యుమానిటీస్ విద్యార్థికి వారానికి ఒకటి, ఒక్కోసారి రెండు వ్యాసాలు రాయాల్సి వస్తుంది. ఒక ప్రశ్న ఇస్తారు, దానితో పాటు పదిహేనో ఇరవయ్యో పేర్లున్న రీడింగ్ లిస్టు ఇస్తారు. మొదటిసారి చూసినవాళ్లు పైనుంచి కింది దాకా అన్నీ చదవాలనుకుని మూడో పుస్తకం దగ్గరే వారం గడిపేస్తారు. ఆ లిస్టు అన్నీ చదవమని ఇచ్చింది కాదు, అందులోంచి ఏరుకోమని ఇచ్చింది.

ఇలా చేయండి. మొదట ప్రశ్నను మీ మాటల్లో తిరిగి రాసుకోండి. ఇప్పుడున్న తెలివితో జవాబు ఏమనిపిస్తోందో నాలుగు వాక్యాలు రాయండి. తప్పయినా పర్వాలేదు. తర్వాత విషయాన్ని పరిచయం చేసే అధ్యాయం ఒకటి చదవండి. అది కాగానే ఒకరితో ఒకరు విభేదించే ఇద్దరు రచయితల వ్యాసాలు ఎంచుకోండి. ఎవరు ఎవరితో విభేదిస్తారో తెలియకపోతే అధ్యాపకుడిని అడగండి. ‘ఈ లిస్టులో రెండే చదవగలిగితే ఏవి చదవమంటారు?’ అని అడిగితే ఎవరూ తప్పుపట్టరు. ఆ రెండూ చదివాక మొదట రాసుకున్న నాలుగు వాక్యాలకు తిరిగి రండి. ఏ వాక్యం మారిపోయింది, ఏది నిలబడింది, ఎందుకు? మీ వ్యాసం అక్కడే మొదలవుతుంది. మిగతా పుస్తకాల్లో మీ వాదనకు అడ్డొచ్చే ఆధారాలున్న పేజీలను మాత్రమే వెతకండి, విషయసూచిక, చివరి పదసూచిక అందుకే ఉన్నాయి.

నోట్సు తీసుకునేటప్పుడు రచయిత మాటలకు కొటేషన్ గుర్తులు, పేజీ నంబరు తప్పక పెట్టండి. మీ సొంత ఆలోచనను వేరే రంగులో రాయండి. వారాల తర్వాత ఏది ఎవరి మాటో గుర్తుండదు, ఇతరుల వాక్యం మీ వ్యాసంలో దొర్లిందంటే దాన్ని ఈ విశ్వవిద్యాలయాలు దొంగతనంగానే లెక్కిస్తాయి.

సైన్సు, గణితం వాళ్లకు వ్యాసాల బదులు ప్రాబ్లం షీట్లు వస్తాయి. ప్రతి లెక్కనూ ముందు ఒంటరిగా ప్రయత్నించండి. ఆగిపోయిన చోట ‘ఇక్కడి దాకా వచ్చాను, తర్వాతి మెట్టుకు ఫలానా షరతు కావాలి, అది ఉందో లేదో తెలియడం లేదు’ అని రాసి పెట్టండి. ఖాళీ పేజీతో వెళ్తే అధ్యాపకుడు లెక్క మొత్తం చేసి చూపిస్తాడు, మీకు ఒరిగేది తక్కువ. ఆగిన చోటు చూపిస్తే ఆ గంటంతా మీ సందేహం మీదే నడుస్తుంది. తోటివాళ్లతో కలిసి చర్చించడం మంచిదే, కానీ ఒంటరి ప్రయత్నం అయ్యాకే.

టర్మ్ పొట్టిది కావడం వల్ల సెలవుల్లో చదువు తప్పదు. ఆక్స్‌ఫర్డ్‌లో టర్మ్ మొదట్లో కలెక్షన్స్ అనే పరీక్షలు పెట్టి, పోయిన టర్మ్‌లో చదివింది సెలవుల్లో మళ్లీ చూశారో లేదో తేల్చుకుంటారు. టర్మ్ రోజుల్లో జీతానికి పని చేయడాన్ని ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ రెండూ నిరుత్సాహపరిచేది కూడా ఈ ఒత్తిడి తెలిసే. డబ్బు ఇబ్బంది ఉంటే పని వెతుక్కునే ముందు కాలేజీ సహాయ నిధి గురించి అడగండి.

5. ముగ్గురే ఉన్న గదిలో

ఆక్స్‌ఫర్డ్‌లో ట్యుటోరియల్, కేంబ్రిడ్జ్‌లో సూపర్‌విజన్. ఒక అధ్యాపకుడు, ఇద్దరో ముగ్గురో విద్యార్థులు, సుమారు ఒక గంట. వెనక బెంచీ అనేదే లేదు. మిగతా విశ్వవిద్యాలయాల సెమినార్‌లో మరికొంతమంది ఉంటారు, తీరు మాత్రం ఇంచుమించు ఇదే.

గురువు మాటకు ఎదురు చెప్పకూడదని పెరిగినవాళ్లకు ఇక్కడ గుండె దడదడలాడుతుంది. మీ వ్యాసంలో మూడో పేరా నిలబడదని మొహం మీదే అంటారు. అది మిమ్మల్ని కించపరచడం కాదు. మీరు సమర్థించుకుంటారా, ఆలోచించి మార్చుకుంటారా అని చూస్తారు, రెండూ గౌరవమైన పనులే. ‘అవునండీ’ అని తలూపి బయటపడితే మాత్రం గంట వృథా. వెళ్లేముందు కాగితం మీద రెండు ప్రశ్నలు రాసుకోండి. ఒకటి, చదివినదాంట్లో అర్థం కానిది. రెండు, అర్థమైంది గానీ ఒప్పుకోబుద్ధి కానిది. రెండో రకం ప్రశ్నలే మంచి చర్చకు దారితీస్తాయి. గది దాటగానే, ఫోను తీయకముందే, చర్చలో తేలిన విషయాలు పది వరుసల్లో రాసిపెట్టండి. పరీక్షల ముందు పుస్తకాలకన్నా ఆ కాగితాలే ఎక్కువ అక్కరకొస్తాయి.

6. లైబ్రరీని మచ్చిక చేసుకోండి

ఒకే విశ్వవిద్యాలయంలో మూడు రకాల లైబ్రరీలుంటాయి. కాలేజీది లేదా హాస్టల్‌ది, విభాగానిది, ప్రధాన గ్రంథాలయం. కోర్సు పుస్తకం ముందు మొదటి రెండింటిలో వెతకండి, అక్కడ ఎక్కువ ప్రతులుంటాయి. అరుదైనదాని కోసమే పెద్ద లైబ్రరీకి వెళ్లండి.

పెద్ద లైబ్రరీల తీరు దేనికదే. ఆక్స్‌ఫర్డ్‌లో 1602లో తెరిచిన బోడ్లియన్ ప్రధాన గ్రంథాలయం పుస్తకాన్ని బయటికివ్వదు. 1645లో సాక్షాత్తూ ఇంగ్లండ్ రాజు ఒకటవ చార్లెస్ అడిగినా ఇవ్వలేదు. సభ్యులయ్యేటప్పుడు లోపలికి నిప్పు తేబోమని ఇప్పటికీ ప్రమాణం చేయిస్తారు. దాని పుస్తకాల్లో లక్షలాది ప్రతులు స్విండన్ దగ్గరి గోదాములో ఉంటాయి, ఆన్‌లైన్‌లో కోరితే చదివే గదికి తెప్పిస్తారు. కాబట్టి రేపు వ్యాసం ఇవ్వాలనగా ఈరోజు పుస్తకం అడిగితే అందకపోవచ్చు. రీడింగ్ లిస్టు వచ్చిన రోజే కోరిక పెట్టేయాలి. కేంబ్రిడ్జ్ గ్రంథాలయం డిగ్రీ విద్యార్థులకూ పుస్తకాలు ఇంటికిస్తుంది. అక్కడ తెరిచి ఉన్న అరల్లో పుస్తకాలను విషయం ప్రకారమే కాక పరిమాణం ప్రకారం కూడా విడదీసి సర్దుతారు. ఒకే విషయం మీది పెద్ద పుస్తకం, చిన్న పుస్తకం వేర్వేరు అరల్లో ఉంటాయి. ఇది తెలియక పుస్తకం లేదనుకుని వెనుదిరిగేవాళ్లున్నారు.

ప్రతి సబ్జెక్టుకూ ఒక ప్రత్యేక లైబ్రేరియన్ ఉంటారు. డిగ్రీ విద్యార్థుల్లో చాలామంది ఆయనను మూడేళ్లలో ఒక్కసారీ కలవరు, నాకు అది నిజంగా బాధ కలిగించే విషయం. అరగంట సమయం అడగండి. మీ ప్రశ్న చెప్పి ఏ డేటాబేస్‌లో ఏ పదాలతో వెతకాలో చూపించమనండి. వారం రోజుల తడుములాట తప్పుతుంది.

రాతప్రతులు, పాత ముద్రణలు చూడాలనుకుంటే ప్రత్యేక సేకరణల గదికి వెళ్లాలి. డిగ్రీ విద్యార్థులకు అది అందదని చాలామంది భ్రమ. అధ్యాపకుడి సిఫారసు ఉంటే చాలాచోట్ల అనుమతిస్తారు. అక్కడ పెన్ను నిషేధం, పెన్సిల్ మాత్రమే. చేతులు శుభ్రంగా కడుక్కుని తడి లేకుండా తుడుచుకుని వెళ్లండి. ఇలాంటి చోట్ల పుస్తకాన్ని కాపాడటానికి ఎంత దూరమైనా వెళ్తారు. పోర్చుగల్ నగరం కోయింబ్రాలోని 18వ శతాబ్దపు జోవానినా గ్రంథాలయంలో గబ్బిలాలు కాపురముంటాయి, రాత్రిళ్లు పురుగులను తిని అవి పుస్తకాలను కాపాడతాయని వాటిని ఉండనిస్తారు, బల్లల మీద మాత్రం రాత్రిపూట తోలు కప్పుతారు.

7. మార్కులు చూసి బెదరకండి

బడిలో 95 వచ్చిన పిల్లలు మొదటి వ్యాసానికి 62 చూసి ఏడ్చేస్తారు. బ్రిటన్‌లో 70 గానీ అంతకు మించి గానీ వస్తే ఫస్ట్ క్లాస్, 60 నుంచి 69 అప్పర్ సెకండ్, 40 పాస్. 62 మంచి మార్కే. జర్మనీలో 1.0 అత్యుత్తమం, 4.0 పాస్, అంటే అంకె పెరిగేకొద్దీ దిగజారినట్టు. ఇటలీలో ఒక్కో పరీక్షకు 30కి 18 వస్తే పాస్, అసాధారణంగా చెప్పినవాళ్లకు 30 మీద ‘లోదే’ అనే ప్రశంస. డిగ్రీ మొత్తానికి మార్కు 110కి వేస్తారు. ఇంటికి చెప్పేటప్పుడు ఈ కొలత కూడా కలిపి చెప్పండి, అనవసరపు కంగారు ఉండదు.

మార్కు పక్కన రాసిన వ్యాఖ్యే అసలు సరుకు. మూడు నాలుగు వ్యాసాల వ్యాఖ్యలు పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే మాట పదేపదే కనిపిస్తుంది. ‘వివరణ ఎక్కువ, వాదన తక్కువ’ అనేది అందరికంటే తరచుగా కనిపించే మాట. అలాంటప్పుడు వచ్చే వ్యాసంలో ఆ ఒక్కటి సరిదిద్దుకోవడం మీద పెట్టండి శ్రద్ధంతా.

పరీక్షలకు పాత ప్రశ్నపత్రాలతో పాటు పరీక్షకుల నివేదికలు కూడా చదవండి. ఏ జవాబులు ఎందుకు నచ్చలేదో అందులో వాళ్లే రాస్తారు. ఆక్స్‌ఫర్డ్‌లో మొదటి ఏడాది పరీక్ష పాసవ్వాలి గానీ ఆ మార్కులు సాధారణంగా డిగ్రీ చివర ఇచ్చే ఫస్ట్, సెకండ్ క్లాసుల లెక్కలోకి రావు. చివరి ఏడాది ఫైనల్స్ మీదే భారం. ఇటలీలో చాలా పరీక్షలు మౌఖికం. ఎదుట కూర్చుని, తోటివాళ్లు వింటుండగా జవాబు చెప్పాలి. దానికి మనసులో చదువుకోవడం చాలదు, స్నేహితుణ్ని ఎదుట కూర్చోబెట్టుకుని గట్టిగా చెప్పి చూడాలి. మీకన్నా ముందు వంతు వాళ్ల పరీక్షలు వెళ్లి వినండి, ఆచార్యుడి ప్రశ్నల ధోరణి తెలుస్తుంది. జర్మనీలో చాలా కోర్సుల్లో ఒక తప్పనిసరి పరీక్షకు మూడు అవకాశాలే ఇస్తారు. మూడూ పోతే ఆ డిగ్రీయే చేజారే ప్రమాదముంది. సిద్ధంగా లేకపోతే గడువులోపు పేరు ఉపసంహరించుకోవడమే మేలు.

8. కష్టం వచ్చినప్పుడు ముందే చెప్పండి

ఎనిమిది వారాల టర్మ్‌లో అయిదో వారానికి అందరూ డీలాపడతారని ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లలో ఎప్పటినుంచో చెప్పుకుంటారు. చుట్టూ శిలావిగ్రహాలు, నోబెల్ గ్రహీతల ఫొటోలు. ఇక్కడ నేను తప్ప అందరూ తెలివైనవాళ్లే అనిపిస్తుంది. పక్క గదిలో పిల్లకూ అదే అనిపిస్తుంటుంది. నిద్ర పట్టకపోయినా, తిండి సహించకపోయినా, చదవడానికి కూర్చోలేకపోయినా మీ బాగోగులు చూడటానికి కేటాయించిన అధ్యాపకుడికి, అంటే పర్సనల్ ట్యూటర్‌కు, వెంటనే రెండు వాక్యాల ఈమెయిల్ చాలు. కౌన్సెలింగ్ సేవ విద్యార్థులకు ఉచితంగానే ఉంటుంది. గడువు పెంచమనే దరఖాస్తు గడువుకు ముందు పంపితే తేలిక, తర్వాత పంపితే కాగితాల మీద కాగితాలు.

స్నేహాల కోసం ఏదో ఒక చిన్న గుంపులో చేరండి, పెద్ద సభల్లో స్నేహాలు కుదరవు. ఉప్సాలాలో 13 ‘నేషన్లు’ అనే విద్యార్థి సంఘాలున్నాయి, సొంత భవనాలు, వంటశాలలు, గాయక బృందాలతో సహా. మీ దేశం వాళ్ల సంఘం ధైర్యాన్నిస్తుంది, వెళ్లండి. దానితో పాటు మీ భాష మాట్లాడనివాళ్లు ఉండే గుంపు ఒకటి కూడా ఎంచుకోండి.

9. ఊరితో సఖ్యంగా ఉండండి

ఊరికీ విశ్వవిద్యాలయానికీ గొడవలు పాతవే. 1209లో ఆక్స్‌ఫర్డ్‌లో ఊరివాళ్లతో రక్తపాతం జరిగి చెదిరిపోయిన విద్యార్థులు, గురువులలో కొందరు కేంబ్రిడ్జ్ చేరారు. 1222లో బొలోన్యా వదిలి వచ్చినవాళ్లతో ఇటలీలోనే పాదువా విశ్వవిద్యాలయం మొదలైంది. 1355లో ఆక్స్‌ఫర్డ్‌లో ఒక సారాయి కొట్లో మొదలైన తగాదా పదుల సంఖ్యలో ప్రాణాలు తీసింది. ఇప్పుడు గొడవ రాత్రిపూట శబ్దాల గురించీ, చెత్త డబ్బాల గురించీ. పాత గోడల మధ్య మాట పక్కింటి పడకగదిలోకి వినిపిస్తుంది. దిగిన వారంలోనే పక్కింటివాళ్లకు పేరు చెప్పి పలకరించండి. పాఠాలు ఇంగ్లిష్‌లో జరిగినా స్థానిక భాష మొదటి నెలలోనే మొదలుపెట్టండి, విశ్వవిద్యాలయ భాషా కేంద్రాల్లో కోర్సులుంటాయి.

10. నగరాన్నే ప్రాజెక్టుగా తీసుకోండి

మూడో ఏడాదో నాలుగో ఏడాదో డిసర్టేషన్, అంటే సొంత పరిశోధనతో పెద్ద వ్యాసం, రాయాలి. చారిత్రక నగరంలో చదివే విద్యార్థికి ఇక్కడ దక్కే మేలు మరెక్కడా దొరకదు. పాదువాలో గెలీలియో 1592 నుంచి 1610 దాకా పాఠం చెప్పాడు, 1545లో నాటిన వనమూలికల తోట ఇంకా బతికుంది. లైడెన్ తోట 1590 నాటిది. ఆక్స్‌ఫర్డ్‌లో ఆష్మోలియన్ 1683లోనే తెరుచుకున్న మ్యూజియం. వృక్షశాస్త్రం చదివేవాళ్లకు అక్కడి ఎండు మొక్కల సేకరణలు, చరిత్రవాళ్లకు పురపాలక దస్తావేజులు, వైద్యచరిత్ర మీద ఇష్టమున్నవాళ్లకు శవాలను కోసి శరీర నిర్మాణం బోధించిన పాత మందిరాలు కాలినడక దూరంలో ఉంటాయి. అందరూ ఇంటర్నెట్‌లో దొరికే అవే వ్యాసాల మీద మరో వ్యాసం రాస్తుంటే, మీరు ఎవరూ పెద్దగా తెరవని పెట్టె ఒకటి తెరవవచ్చు.

చివరి ఏడాది వరకు ఆగకండి. రెండో ఏడాది మధ్యలోనే మ్యూజియంలో వలంటీరుగా చేరండి, ఏ సేకరణ మీద ఇంకా పని జరగలేదో ఆ సేకరణలు చూసుకునే క్యూరేటర్లకు తెలుసు. నచ్చినది దొరికాక, మీ విభాగంలో దానికి దగ్గరి విషయం మీద పనిచేసే అధ్యాపకుడికి ఒక పేజీ రాసి పంపండి. ప్రశ్న ఏమిటి, ఆధారాలు ఎక్కడున్నాయి, ఏ భాషలో ఉన్నాయి, వాటిని చదవగలరా. చివరి ప్రశ్నకు నిజాయితీగా జవాబు రాయండి, పాత చేతిరాత చదవడం నేర్చుకోవడానికే కొన్ని వారాలు పడుతుంది. ఆయన ఒప్పుకుంటే దస్తావేజుల కార్యాలయానికి సిఫారసు ఉత్తరం అడిగి, కావలసిన పత్రాల సంఖ్యలతో సహా వేసవి సెలవులకు ముందే పంపండి. ఆగస్టులో చాలాచోట్ల పనివేళలు తగ్గిపోతాయి, అనుమతి రావడానికి వారాలు పడుతుంది.